66 ఏళ్ల మామయ్యకు ఆటిజం. ఇప్పుడు డిమెన్షియా కూడా అంటున్నారు. ఆ మార్కులు నమ్మొచ్చా?

మీటరు_మేనల్లుడు · జూన్ 8, రాత్రి 10:42

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చదవండి.

మా మేనమామకు 66 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. పుట్టింది రేపల్లెలో. 40 ఏళ్లకు పైగా తెనాలిలో మా అమ్మ దగ్గరే ఉన్నారు. ఊళ్లో అందరూ "కొంచెం తేడా మనిషి, లెక్కల్లో మాత్రం పులి" అనేవాళ్లు. అయిదేళ్ల కిందట మా అబ్బాయికి ఆటిజం ఉందేమోనని చూపించినప్పుడు, డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ అమ్మ "ఇది అచ్చం మా తమ్ముడే" అంటూ కూర్చుంది. తర్వాత ఆయన్నీ తీసుకెళ్లాం. అలా 61వ ఏట ఆటిజం అని రాసిచ్చారు.

మామయ్య జ్ఞాపకశక్తి ఎలాంటిదో ఒక్క ముక్కలో చెప్తాను. దివిసీమ ఉప్పెన ఎప్పుడొచ్చింది అంటే "1977 నవంబరు 19, శనివారం" అని ఊరుకోరు. ఆ రోజు ఇంట్లో ఏం కూర వండారో, ఏ కిటికీ రెక్క ముందు ఊడిపోయిందో కూడా చెప్తారు. ఇంకో అలవాటుంది. రోజూ పొద్దున 6 గంటలకు కరెంటు మీటరు రీడింగు చూసి నోటుబుక్కులో రాసుకుంటారు. 1986 నుంచీ ఇదే పని. జ్వరమొచ్చినా మానలేదు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో అమ్మ చనిపోయింది. మామయ్యను హైదరాబాదు తీసుకొచ్చేశాం, మియాపూర్‌లో మా ఫ్లాటుకి. అప్పట్నుంచి మనిషి మారిపోయారు. గ్యాస్ స్టవ్ ఆపడం రెండుసార్లు మర్చిపోయారు. అన్నం తిన్న గంటకే "భోజనం ఎప్పుడు?" అంటారు. స్నానం చేశారో లేదో ఆయనకే తెలియదు. ఒకరోజు పక్క బ్లాకులో మా నంబరే ఉన్న ఫ్లాటు తలుపు కొట్టి, వాళ్లు తీస్తే లోపలికి వెళ్లి కూర్చున్నారు.

పోయిన వారం న్యూరాలజిస్టుకు చూపించాం. అరగంట పరీక్ష పెట్టారు. 100కి 61 వచ్చాయి. డిమెన్షియా మొదలైందని మందు రాశారు.

నేను పక్కనే కూర్చుని చూశాను. తేదీ అడిగితే మామయ్య తిథీ నక్షత్రం కూడా కలిపి చెప్పారు. ఒక పేరు, అడ్రసు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. కాసేపాగి అడిగితే ఒక్క ముక్క కూడా రాలేదు. అదే మూడేసి పేర్లు చదివి "వీటిలో ఏది?" అని అడిగితే మాత్రం అన్నీ కరెక్టుగా చెప్పారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పండి అన్నారు. మామయ్య "పాడి జంతువులా, అడవి జంతువులా?" అన్నారు. "ఏవైనా పర్లేదండీ." "ఏవైనా అంటే ఏవి?" ఇలాగే నిమిషం అయిపోయింది. ఆవు, గేదె. రెండు.

ఇప్పుడు నా అనుమానం: ఈ మార్కులు మతిమరుపువా, ఆటిజానివా? అసలు ఆటిజం ఉన్నవాళ్లకు వయసు మీద పడితే జ్ఞాపకశక్తి ఎలా ఉంటుంది? పిల్లల గురించి బోలెడంత సమాచారం ఉంది, ముసలివాళ్ల గురించి తెలుగులో ఒక్క పేజీ దొరకలేదు.


కృష్ణలంక_బాబాయ్ · జూన్ 8, రాత్రి 11:15

ఆటిజం అనేది పిల్లల జబ్బు కదండీ, 66 ఏళ్లకు ఆటిజమేమిటి? మా నాన్నగారు కూడా 70 దాటాక ఇంతే. వయసొస్తే చాదస్తం మామూలే. ఈమధ్య ప్రతిదానికీ ఒక పేరు పెట్టడం అలవాటైపోయింది.


గోదారి_గట్టు · జూన్ 9, తెల్లవారుజాము 2:05

బాబాయ్ గారూ, ఆటిజం ఉన్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎక్కడికి పోతారండీ? మేమూ మీలాగే ముసలివాళ్లమవుతాం.

నాకు 52. రాజమండ్రి పిల్లని, 24 ఏళ్లుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. నాకు 47 ఏళ్లప్పుడు తేలింది. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో ఆటిజానికి ప్రత్యేకంగా చోటు దొరికిందే 1980లో. అప్పటికి మా మేనల్లుడి గారి మామయ్యకు ఇరవై దాటాయి, ఇంక ఎవరు చూస్తారు? ఇంగ్లండ్‌లోనే 50 దాటిన ఆటిస్టిక్ మనుషుల్లో పదిమందికి తొమ్మిది మంది పైనే డయాగ్నోసిస్ లేకుండా ఉండి ఉంటారని 2023లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు అంచనా వేశారు. ఇక మన రేపల్లె సంగతి మీరే ఊహించుకోండి.

మేనల్లుడు గారూ, జంతువుల దగ్గర మామయ్య ఆగిపోయారని చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నన్ను అడిగినా అంతే. "ఏవైనా" అంటే నా బుర్రలో ఉన్న తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, దేంట్లోంచి బయటికి రావాలో తెలియదు.


లెక్కల_సారు · జూన్ 9, ఉదయం 6:50

రిటైర్డ్ లెక్కల టీచర్ని. ఈ విషయం మీద కాస్త చదివాను.

వైద్య చరిత్రలో ఆటిజం అని మొట్టమొదట రాసిన పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, ఫారెస్ట్ అనే చిన్న ఊరు. 1938లో లియో కానర్ అనే డాక్టరు దగ్గరికి బాల్టిమోర్ తీసుకెళ్లారు. 1943లో కానర్ రాసిన వ్యాసంలో 11 మంది పిల్లలుంటే మొదటివాడు ఇతనే. రెండేళ్లకే బైబిల్‌లో 23వ కీర్తన అప్పజెప్పేవాడట. ఆ పిల్లవాడు పెద్దయి ఊళ్లో బ్యాంకులో ఉద్యోగం చేశాడు. 27వ ఏట కారు నేర్చుకున్నాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు. 2023 జూన్‌లో 89 ఏళ్లకు పోయాడు.

ఇంకో సంగతి. ఆటిజం ఉన్న మెదడులో నరాల అనుసంధానాలు మారే గుణం ఎక్కువని, అందుకే వీళ్లకు అల్జీమర్స్ రాదని ఒక సిద్ధాంతం ఉంది. కాబట్టి మీరు టెన్షన్ పడకండి.


క్లినిక్_కిటికీ · జూన్ 9, ఉదయం 9:30

విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుని. మనిషిని చూడకుండా డయాగ్నోసిస్ చెప్పను, సాధారణ విషయాలు మాత్రం రాస్తాను.

ముందు సారు గారికి. మీరు చెప్పినది 2014 నాటి ఊహ. "రాదు" అని కాదు, కొంత రక్షణ ఉండొచ్చేమో అన్నారు. దానికి ఎదురుగా 2021లో ఇంకో పరిశోధన వచ్చింది. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా రికార్డుల్లోంచి 30 నుంచి 64 ఏళ్ల వాళ్లను తీసుకున్నారు. అయిదేళ్లలో డిమెన్షియా అని రికార్డయినవాళ్లు, మేధో వైకల్యం లేకుండా ఆటిజం మాత్రమే ఉన్నవాళ్లలో 4.04 శాతం. ఆటిజమూ మేధో వైకల్యమూ రెండూ లేనివాళ్లలో 0.97. కంగారు పడకండి, ఇందులో ఒక మెలిక ఉంది. ఆ డిమెన్షియా అని రాసింది ఇలాంటి అరగంట పరీక్షలతోనే కావచ్చు. జంతువుల దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరు ఆ లెక్కలో కలిశారో ఎవరికి తెలుసు? ఆ బీమా కిందికి వచ్చేవాళ్లు పేదవాళ్లు, ఎక్కువ జబ్బులున్నవాళ్లు కూడా. అంచేత అటు "రాదు" అనీ ఇటు "నాలుగింతలు" అనీ రెండూ అనొద్దు.

ఇప్పుడు మామయ్య గారి సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది పేరు-అడ్రసు ముక్క. ఊరికే "గుర్తు చేసుకో" అంటే రాలేదు, మూడు చూపించి "ఏది?" అంటే వచ్చింది. లండన్‌లో డెర్మాట్ బౌలర్ అనే ప్రొఫెసరు 1990ల చివరి నుంచి దీని మీదే పని చేశారు. ఆటిజం ఉన్నవాళ్ల జ్ఞాపకం అడిగే పద్ధతి మీద బాగా ఆధారపడుతుందని ఆయన చెప్పేది. ప్రశ్నలోనే ఆసరా ఉంటే జవాబు వస్తుంది. ఆసరా లేకుండా ఖాళీ కాగితం ముందు పెడితే రాదు. కుర్రవాళ్లలోనూ ఇదే తీరు. ఆటిజం ఉన్న కుర్రవాళ్ల జ్ఞాపకం మామూలు ముసలివాళ్ల జ్ఞాపకంలా కనిపిస్తుందని ఆయనే పోల్చారు కూడా.

అల్జీమర్స్‌లో సాధారణంగా కథ వేరు. అక్కడ విషయం లోపలికే వెళ్లి ఉండదు, కాబట్టి మూడు పేర్లు చూపించినా పెద్దగా లాభముండదు. మామయ్య గారి విషయంలో లోపల ఉంది, బయటికి తీసే దారే దొరకలేదు. అయితే డిప్రెషన్‌లోనూ, కొన్ని మందుల వల్లా, కొన్ని ఇతర రకాల డిమెన్షియాలోనూ ఇలాగే ఉండొచ్చు. కాబట్టి దీన్ని పట్టుకుని సంబరపడకండి.

అసలు ప్రశ్న 61 మార్కులు కాదు. మూడేళ్ల కిందట ఇదే పరీక్ష పెట్టి ఉంటే ఎన్ని వచ్చేవి? జంతువులు అప్పుడూ రెండే చెప్పేవారేమో! ఆయన్ని పక్కింటి 66 ఏళ్ల పెద్దాయనతో పోల్చకండి, ఒకప్పటి ఆయనతోనే పోల్చండి. పాతవి ఏమైనా ఉన్నాయా? ఉత్తరాలు, వీడియోలు, ఆ మీటరు పుస్తకాలు?

ఈలోపు థైరాయిడ్, బీ12, షుగరు, వినికిడి, నిద్ర. ఇవన్నీ చూపించారా?


కృష్ణలంక_బాబాయ్ · జూన్ 9, ఉదయం 10:12

సరే అమ్మా, వెనక్కి తీసుకుంటున్నాను. కుర్రవాళ్లకే ముసలివాళ్ల మతిమరుపు తీరు ఉంటే, వాళ్లు నిజంగా ముసలివాళ్లయితే ఇంకెలా ఉంటుందండీ? రెట్టింపా?


గోదారి_గట్టు · జూన్ 9, మధ్యాహ్నం 1:48

బాబాయ్ గారూ, మంచి ప్రశ్న. ఆ భయం నాకూ ఉంది, అందుకే వెతుక్కుని చదివాను. నేనుండే దేశంలోనే, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో హిల్డె గ్యూర్ట్స్ బృందం దీని మీద పనిచేస్తోంది.

2012లో 51 నుంచి 83 ఏళ్ల వాళ్లను, ఆటిజం ఉన్నవాళ్లు 23 మందిని చూశారు. అందులో, కళ్లతో చూసింది గుర్తుపెట్టుకునే శక్తి వయసుతో వీళ్లకే ఎక్కువ తగ్గుతోందని వచ్చింది. 2016లో ఆటిజం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి 236 మందిని, 20 నుంచి 79 ఏళ్ల దాకా తీసుకున్నారు. ఈసారి తిరగబడింది! చూసింది గుర్తుపెట్టుకోవడంలో వీళ్లకే ఎక్కువ మార్కులు, వయసుతో తగ్గుదల కూడా తక్కువ. విన్నది గుర్తుండటంలో రెండు గుంపులూ సమానం. పేర్లు గబగబా చెప్పే పనిలో మాత్రం (మన ఆవు, గేదె) వీళ్లు వెనకబడ్డారు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడంలో కుర్రవాళ్లకు ఉన్న ఇబ్బంది 50 దాటినవాళ్లలో కనబడలేదట. 2022లో కొత్తవాళ్లతో మళ్లీ చేశారు. మొత్తం మీద తేలింది, వయసుతో తగ్గే వేగం ఇద్దరిదీ పక్కపక్కనే పోతుందని. అంటే రెట్టింపు కాదు.

ఇక్కడ ఒక మాట. 2016 పరిశోధనలో ఉన్నవాళ్లందరి ఐక్యూ 80 పైనే. మాటలు రానివాళ్లు, మేధో వైకల్యం ఉన్నవాళ్లు అందులో లేరు. వాళ్ల గురించి ఈ లెక్క చెప్పదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క వేరే ఉంది. అదే పరిశోధనలో ఆటిజం ఉన్నవాళ్లు "రోజూ ఏదో ఒకటి మర్చిపోతున్నాం" అని చాలా చెప్పుకున్నారు, కానీ ఆ ఫిర్యాదులకూ పరీక్షలో మార్కులకూ సంబంధమే కనబడలేదు. నా బతుకు అదే. పరీక్షలో బొమ్మలన్నీ గీసి చూపించాను, సైకాలజిస్టు మెచ్చుకుంది. ఇంటికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, పక్క గదిలో బట్టలు మడత పెడుతూ కూర్చున్నాను. గిన్నె మాడి పొగ అలారం మోగింది. మడతపెట్టిన బట్టల అంచులు మాత్రం గీత గీసినట్టున్నాయి.


రెండో_షిఫ్టు · జూన్ 9, రాత్రి 9:20

వరంగల్‌లో మెడికల్ షాపు నాది, ఫార్మసిస్టుని. ఒక్కటే అడుగుతా అన్నా. మామయ్య ఇప్పుడు ఏ ఏ గోలీలు వేసుకుంటున్నరు? మొత్తం లిస్టు పెట్టండి. కంపెనీ పేర్లొద్దు, అట్ట మీద కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు పెట్టండి.


మీటరు_మేనల్లుడు · జూన్ 9, రాత్రి 10:55

అందరికీ దండాలు. ఇంతమంది రాస్తారని అనుకోలేదు.

మందుల లిస్టు: రిస్పెరిడోన్ రాత్రి ఒకటి. ట్రైహెక్సీఫెనిడిల్ రోజుకు రెండు. (హైదరాబాదు వచ్చిన కొత్తలో రాత్రుళ్లు అరుస్తూ తలుపులు బాదేవారు. పోయిన ఆగస్టులో ఒక డాక్టరు ఇచ్చారు.) మూత్రం మాటిమాటికీ వస్తోందని ఇంకో డాక్టరు ఆక్సీబ్యూటినిన్ రాశారు, జనవరి నుంచి. బీపీకి ఆమ్లోడిపిన్. ఇప్పుడు కొత్తగా డోనెపెజిల్.

వినికిడి పరీక్ష చేయించలేదు. బీ12 కూడా చూడలేదు.


రెండో_షిఫ్టు · జూన్ 9, రాత్రి 11:02

అనుకున్నా.

ట్రైహెక్సీఫెనిడిల్, ఆక్సీబ్యూటినిన్, రెండూ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకునేవే. జ్ఞాపకానికి కావాల్సింది అదే రసాయనం. వయసు మళ్లినవాళ్లలో ఈ మందులతో మతిమరుపు, గందరగోళం, మలబద్ధకం, నోరెండడం మామూలు. ఇక కొత్తగా ఇచ్చిన డోనెపెజిల్ పనేమిటంటే, అదే రసాయనాన్ని పెంచడం. ఒకరు కుళాయి తిప్పుతుంటే ఇంకొకరు పైన వాల్వు కట్టేస్తున్నట్టు.

రిస్పెరిడోన్‌కు చేతుల వణుకు రాకుండా ట్రైహెక్సీ తోడు ఇస్తరు, అది తప్పేం కాదు. కానీ ఇచ్చినాక ఏండ్లు గడిచినా తీసేయడం ఎవరికీ గుర్తుండదు. మా షాపుకి పాత చీటీ పట్టుకుని పదేండ్లుగా అదే కొంటున్న వాళ్లున్నరు.

మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ట్రైహెక్సీ హఠాత్తుగా ఆపితే కూడా ఇబ్బందే. అన్ని చీటీలూ ఒకే డాక్టరు ముందు ఒకేసారి పెట్టండి. ముగ్గురు డాక్టర్లు ఒకరి చీటీ ఒకరు చూసి ఉండరు, రాసిస్తా.


మోడరేటర్ · జూన్ 10, ఉదయం 8:00

డోసుల చర్చ ఇక్కడితో ఆపుదాం. ఎవరూ డాక్టర్ల పేర్లు, ఆసుపత్రుల పేర్లు పెట్టవద్దు.


అనంత_నాన్న · జూన్ 10, ఉదయం 11:37

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా వాడికి 29. ఆటిజం, మాటలు తక్కువ. ఈ థ్రెడ్ చదువుతుంటే కడుపులో తిప్పుతోంది. మేనల్లుడు గారి అమ్మగారు పోయాక ఆయనైనా ఉన్నారు. మాకు వీడొక్కడే. నాకు 61, మా ఆవిడకు 57. వీడికి 60 వచ్చేసరికి వీడేం మర్చిపోయాడో చెప్పడానికి ఎవరుంటారు?


క్లినిక్_కిటికీ · జూన్ 10, మధ్యాహ్నం 2:20

అనంత_నాన్న గారూ, రెండు పనులు ఇప్పుడే చేయండి.

ఒకటి చట్టం పని. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద ఆటిజం ఉన్న మేజర్లకు సంరక్షకుణ్ని నియమించొచ్చు. జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. మీ తర్వాత ఎవరో కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. అదే ట్రస్టు కింద నిరామయ ఆరోగ్య బీమా, లక్ష రూపాయల దాకా.

రెండోది ఎవరూ చేయరు. ఏడాదికోసారి, పుట్టినరోజున అనుకోండి, మీ వాడు మామూలుగా చేసే పనులు పది నిమిషాలు వీడియో తీసి పెట్టండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, పళ్లెం కడగడం, ఇంటి నుంచి కిరాణా కొట్టుకు పోయి రావడం. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు మతిమరుపు కనిపెట్టడానికి ఎన్‌టీజీ-ఈడీఎస్‌డీ అని ఒక ఫారం ఉంది. అందులో రోగిని ప్రశ్నలు అడగరు, చూసుకునేవాళ్లే నింపుతారు. ఏటా నింపి పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు తెలుస్తుంది. పోయిన ఏడాది ఒంటరిగా కొట్టుకెళ్లినవాడు ఈ ఏడాది మలుపు దగ్గర నిలబడిపోతే, అది ఏ పరీక్షా చెప్పలేని సంగతి.


అనంత_నాన్న · జూన్ 10, రాత్రి 8:15

రాసుకున్నానమ్మా. మా వాడి పుట్టినరోజు శ్రావణంలోనే.


మీటరు_మేనల్లుడు · జూన్ 17, రాత్రి 11:40

తెనాలి వెళ్లొచ్చాను. ఇల్లు ఖాళీ చేయాల్సి ఉంది ఎలాగూ. అటక మీద ట్రంకు పెట్టెలో 1986 నుంచి మామయ్య మీటరు పుస్తకాలన్నీ ఉన్నాయి. వాటి ముందు కూర్చుని రెండు రాత్రులు చదివాను. ఏముంటుంది చదవడానికి, తేదీ, వారం, అంకె. అంతే. కానీ చదువుతుంటే ఇల్లంతా కనిపించింది. 1994లో ఫ్రిజ్ కొన్న రోజు, అక్క పెళ్లి వారం, ఉప్పొంగినట్టు యూనిట్లు.

2022 దాకా ఒక్క కొట్టివేత లేదు. చేతిరాత కూడా ఒకేలా ఉంది.

2022 నవంబరు 8న మొదటిసారి ముందు రోజు అంకే మళ్లీ రాశారు. దాని పక్కన పెన్సిల్‌తో సరైన అంకె ఉంది. రాత మామయ్యది కాదు, మా అమ్మది. డిసెంబరులో ఇంకో రెండు. 2023లో లెక్కపెట్టాను, 31 చోట్ల పెన్సిల్. 2024లో ఇంకా ఎక్కువ. కొన్నిచోట్ల పేజీ పైన అమ్మ చిన్న అక్షరాలతో రాసుకుంది: "ఇవాళ 6కి గుర్తు చేశా", "మాత్ర ఇచ్చా, స్నానం అయింది". ఆయన ప్రతి పనికీ ముందు అమ్మ ఒక్క మాట అందించేదన్నమాట. గోదారి_గట్టు గారన్న ఆ తలుపుల దగ్గర అమ్మ నిలబడి ఉండేది.

మాకెవరికీ చెప్పలేదు. ఫోన్ చేస్తే "తమ్ముడు బంగారం, వాడికేం" అనేది.

నేను మాత్రలే కారణమని తేలిపోతుందనుకున్నాను. మాత్రలు మొదలైంది పోయిన ఆగస్టులో. పెన్సిల్ మొదలైంది అంతకు రెండేళ్ల పైనే. ఇప్పుడేమనాలి?


క్లినిక్_కిటికీ · జూన్ 18, ఉదయం 7:10

పెన్సిల్ గీతలు ఉన్న పేజీలన్నీ ఫోటోలు తీసి న్యూరాలజిస్టుకు ఇవ్వండి. ఇంతకంటే మంచి ఆధారం ఏ డాక్టరుకూ దొరకదు.

ఏమనాలో సూటిగా రాస్తాను. మూడున్నర దశాబ్దాల్లో లేని తప్పు 2022 చివర్లో మొదలైంది. అంటే ఆటిజం ఒక్కటే కారణం అనలేం. ఏదో నిజంగా మారింది. ఎంత మారిందన్నది వేరే ప్రశ్న. అమ్మగారి ఆసరా ఉన్నంతకాలం అది పైకి తేలలేదు. ఆ ఆసరా పోయింది, ఇల్లు మారింది, అక్క పోయిన దుఃఖం ఉంది (ఆయన ఏడవకపోయినంత మాత్రాన లేదనుకోకండి), దాని మీద రెండు మందులు. ఇవన్నీ కలిసి 61 అయ్యాయి. ఇందులో తీసేయగలిగినవి తీసేస్తే ఎంత మిగులుతుందో, అదీ చూడాల్సింది.


రెండో_షిఫ్టు · జూన్ 18, ఉదయం 7:45

హైదరాబాదు వచ్చినాక పుస్తకం రాస్తున్నరా లేదా?


మీటరు_మేనల్లుడు · జూన్ 18, ఉదయం 8:02

లేదు. మా అపార్టుమెంటులో మీటర్లన్నీ సెల్లారులో ఇనుప గది లోపల. తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది. వచ్చిన మొదటి వారం మామయ్య రోజూ 6 గంటలకు లిఫ్టు దగ్గర నిలబడేవారు. మేం "లోపలికి రండి మామయ్యా" అని తీసుకొచ్చేవాళ్లం. ఎందుకు నిలబడ్డారో ఇప్పుడు ఇది టైపు చేస్తుంటే తెలిసింది.


గోదారి_గట్టు · జూన్ 18, మధ్యాహ్నం 12:30

తాళం అడగండి.

ఇంకొకటి. "8 గంటలకు మాత్ర" అని చెప్తే ఆయనకు అందదు. గడియారం చూసి గుర్తుతెచ్చుకోవాల్సిన పనులు మాకు కష్టమని చాలా పరిశోధనల్లో ఉంది. ఏదో ఒకటి జరిగినప్పుడు చేయాల్సిన పనులు కాస్త నయం. "టీవీలో వార్తల మ్యూజిక్ రాగానే మాత్ర", "తువ్వాలు బకెట్టు మీద ఉంటే స్నానం కాలేదు" అని పెట్టండి. స్టవ్‌కి మాత్రం దేన్నీ నమ్మకండి. ఆటోమేటిక్‌గా ఆగే ఇండక్షన్ పొయ్యి కొనేయండి. నేను గిన్నె మాడ్చాక అదే చేశాను.

"అన్నం తిన్నారా?" అని అడగడం కూడా మానేయండి. "పొద్దున ఉప్మానా, పెసరట్టా?" అని అడిగి చూడండి.


మీటరు_మేనల్లుడు · ఆగస్టు 3, రాత్రి 9:15

చాలామంది మెసేజీలు పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నాను.

చీటీలన్నీ ఒకే డాక్టరు ముందు పెట్టాం. పుస్తకం ఫోటోలు ఆయన చాలాసేపు చూశారు. ఆక్సీబ్యూటినిన్ ఆపేశారు. ట్రైహెక్సీఫెనిడిల్ నాలుగు వారాల్లో మెల్లగా తగ్గించి తీసేశారు, రిస్పెరిడోన్ సగం చేశారు. డోనెపెజిల్ ఇప్పుడే వద్దన్నారు. బీ12 బాగా తక్కువుంది, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. కుడి చెవి సరిగా వినబడటం లేదట. అంటే ఆ పరీక్షలో డాక్టరు కుడిపక్కన కూర్చుని చదివిన ముక్కలు ఎన్ని విన్నారో దేవుడికే తెలియాలి.

పక్క బ్లాకుకి వెళ్లడం ఆగింది. రాత్రుళ్లు నిద్రపోతున్నారు. ఉప్మానా పెసరట్టా అంటే ఠక్కున చెప్తున్నారు, చట్నీలో అల్లం ఎక్కువైందని కూడా. అయితే నిన్న ఒకే పేపరు మూడుసార్లు మొదటి పేజీ నుంచి చదివారు. మా అబ్బాయి పేరు రెండుసార్లు నా పేరుతో పిలిచారు. డిసెంబరులో మళ్లీ అదే పరీక్ష పెడతామన్నారు, అప్పటిదాకా ఏ పేరూ రాయనన్నారు డాక్టరు. క్లినిక్_కిటికీ గారు చెప్పిన ఫారం నేను నింపుతున్నాను, నెలకోసారి.

వాచ్‌మన్ తాళం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మామయ్య రోజూ 6కి దిగుతున్నారు. మా మీటరు ఒక్కటే రాసుకుంటారనుకున్నాను. అక్కడ 40 మీటర్లున్నాయి, 40 రాస్తున్నారు. పోయిన వారం అసోసియేషన్ మీటింగులో 302 వాళ్లు బిల్లు ఎక్కువొచ్చిందని గొడవ పెట్టుకుంటుంటే, మామయ్య లేచి జులై 11 నుంచి వాళ్ల రీడింగులు వరసగా చదివారు. పుస్తకం చేతిలో లేదు. ఇంట్లోకొచ్చి చూస్తే రెండు చోట్ల తప్పు పోయింది.

ఆ రెండూ నేను పెన్సిల్‌తో దిద్దాను.


కృష్ణలంక_బాబాయ్ · ఆగస్టు 3, రాత్రి 9:40

302 వాళ్లకు బిల్లు ఎందుకెక్కువొచ్చిందో తేలిందా?


మీటరు_మేనల్లుడు · ఆగస్టు 3, రాత్రి 9:44

గీజరు, బాబాయ్ గారూ. ఆపడం మర్చిపోయారట.